పదకొండు ఈగలు

కాంట్రాక్టర్ పాలికార్ప్ బూటు కాలితో పెట్టెను తన్నాడు. నూట ఎనభై మూడు గాజు గొట్టాలు రాళ్ల మీద పడి పగిలాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో నల్ల ఈగ. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, ఏటి ఒడ్డున రాతి మీద కూర్చుని, సొంత కాళ్లను ఎరగా పెట్టి జీమ్ తాత పట్టిన ఈగలవి.

"అయ్యో, కాలు తగిలింది ముసలాయనా, చూసుకోలేదు" అన్నాడు పాలికార్ప్. చూసుకోకపోవడానికి ఆయనకు రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. కళ్లు లేనిది జీమ్ తాతకు.

పక్కనే పరిశోధన కేంద్రం అధికారి డాక్టర్ ఎవరిస్ట్ ఉన్నాడు. చేతులకు తొడుగులు, మోకాళ్ల దాకా మేజోళ్లు, టోపీ చుట్టూ వల. ఈగల మీద డాక్టరేటు పుచ్చుకున్న ఆ పెద్దమనిషి ఒంటి మీద ఈగ వాలడానికి గోరంత చోటు లేదు. ఆయన ఆకాశం చూశాడు. ఏరు చూశాడు. పగిలిన గాజు తప్ప అన్నీ చూశాడు.

జీమ్ తాత నవ్వాడు. "పగిలితే పగిలాయిలే. పుస్తకంలోకి ఎక్కాయిగా? రాశావా టెంగన్?"

"రాశాను తాతా."

"ఎంత?"

"నూట ఎనభై మూడు."

నా చేతిలో పుస్తకం ఉంది. అందులో నా రాతతోనే ఉంది: పదకొండు.

మిల్లుల్లో పనిచేసే అన్నలూ, కాలేజీలో చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నన్ను వీరుడని సభలకు పిలుస్తున్నారు. అందుకే ఈ ముక్క ముందే చెప్పుకుంటున్నాను. కాంట్రాక్టర్ గొట్టాలు పగలగొట్టాడు. నేను గుడ్డివాడికి అబద్ధం చదివాను. ఇద్దరిలో ఎవడు ఎక్కువ నీచుడో మీరే తేల్చండి.

నల్ల వోల్టా ఏరు మా దగ్గర రాళ్ల మీద నురగలు కక్కుతూ పారుతుంది. ఆ నురగలోనే నల్ల ఈగ గుడ్లు పెడుతుంది. అది కుడితే ఒంట్లోకి పురుగు చేరుతుంది. ముందు దురద, తర్వాత చర్మం కింద గడ్డలు, చివరికి కళ్లు. ఏడాదికోసారి ఇచ్చే మాత్రలు పోయిన చూపును తేలేవు గానీ ఉన్నదాన్ని నిలబెడతాయి. నీళ్లలో మందు పోసి ఈగ పిల్లలను చంపే పని పాలికార్ప్ కాంట్రాక్టు. మందు పని చేసిందో లేదో చెప్పేది మా కాళ్లు. రోజుకు ఎన్ని ఈగలు వాలాయో అదే లెక్క.

జీమ్ తాత ఇరవై ఆరేళ్లు ఆ రాతి మీద కూర్చున్నాడు. కుట్టకముందే పట్టాలని నియమం. నియమం రాసినవాడు ఎప్పుడూ ఆ రాతి మీద కూర్చోలేదు. చూపు పోయాక తాత ఈగను చర్మంతో పట్టడం నేర్చాడు. అది వాలి, కుట్టే చోటు వెతుక్కునే ఆ క్షణంలోనే గొట్టం మూత పడేది. మాలో ఎవరమూ ఆయన దరిదాపుల్లోకి వచ్చేవాళ్లం కాదు. కేంద్రం వాళ్లు విదేశీ అతిథులను తీసుకొచ్చి ఈ వింత చూపించేవాళ్లు. వాళ్లు ఫొటోలు తీసుకుని చప్పట్లు కొట్టేవాళ్లు. ఈయన కళ్లు ఏమయ్యాయని ఒక్కడూ అడగలేదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక పాలికార్ప్ నన్ను పక్కకు పిలిచాడు. "పదకొండు గంటల పని, పదకొండు ఈగలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రోజూ అదే రాయి. ముసలాడికి ఎలాగూ కనపడదు. రాయనంటావా, ఆ పుస్తకం పట్టుకోడానికి ఊళ్లో పదిమంది ఉన్నారు" అన్నాడు. డాక్టర్ కింద సంతకం చేశాడు. ఇట్లా అరవై నాలుగు రోజులు.

తర్వాత తెలిసింది. శనివారం మా ఏటి ఒడ్డునే సభ. పెద్దలొచ్చి ఏరు శుభ్రపడిందని ప్రకటిస్తారట. పాలికార్ప్‌కు ప్రశంసా పత్రం, ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు. జబ్బు లేనిచోట మందెందుకని పద్నాలుగు ఊళ్లకు మాత్రలు బందు.

ఈ కబురు నాకు పోగ్‌జీ అక్క చెప్పింది. జొన్న కల్లు కాచి అమ్మే మనిషి. ముప్పై ఏళ్లు నిండలేదు. చూపు తగ్గి, కుండలో నురగ ఎంత పొంగిందో ఇప్పుడు వేలు ముంచి చూసుకుంటోంది.

"మాత్రలు ఆపేస్తారంట. రోజుకు పదకొండే వాలుతున్నాయంట. నా ఇంటి ముందు నిలబడితే కల్లు చిప్ప తాగేలోపు పదకొండు వాలతాయి. ఎవడ్రా లెక్క రాసింది, వాడి చేతులు పడ!" అంది.

చిప్ప నా చేతిలోనే ఉంది. తాగలేకపోయాను.

సంత రోజు మధ్యాహ్నం ఆమె కల్లు పాకలో ఈగలు పట్టేవాళ్లం నలుగురం, సంతకొచ్చిన జనం నలభై మంది దాకా కూర్చున్నాం. తాత మూలన గోడకు ఆనుకున్నాడు. నేను లేచి చెప్పేశాను. పుస్తకం తెరిచి పదకొండు, పదకొండు, పదకొండు అని చదివాను.

అందరూ ఒక్కసారే అందుకున్నారు.

"వీణ్ని ఏట్లో తొయ్యండి!"

"తోసి ఏం లాభం? పైవాడు రాయమన్నాడు, వీడు రాశాడు. మీ ఇంట్లో పిల్లలున్నా అదే చేస్తారు."

"నా ఇంట్లో పిల్లలున్నారు కాబట్టే చెప్తున్నా, తొయ్యండి!"

"అసలు మందు పోస్తున్నాడా వాడు? పీపాలన్నీ రేవు దాటి అవతలి దేశం పత్తి చేలకు పోతున్నాయి. నేనే మోశాను" అన్నాడు ఒక హమాలీ, తల వంచుకుని.

"ఓహో! ఒకడు రాశాడు, ఒకడు మోశాడు" అంది పోగ్‌జీ. "వాడికి మన చేతులే కావాల్సొచ్చాయి చూశారా. వాడి సొంత చేతులకు మాత్రం ఎప్పుడూ తొడుగులే."

మూల నుంచి తాత గొంతు వినపడింది. "ఎన్ని రోజులు రాశావురా?"

"అరవై నాలుగు."

"బొగ్గు తీసుకో. గోడ మీద రాయి. మొదటి రోజు రెండొందల రెండు. రెండో రోజు నూట డెబ్బై. మూడో రోజు వాన, తొంభై ఆరు..."

అరవై నాలుగు రోజులూ చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. నేను పుస్తకంలో అబద్ధం రాసినా ఆయన వేళ్లు రోజూ పోగేసుకున్న లెక్కను పోగ్‌జీ మట్టి గోడ మీద రాశాను. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"చేతులు పడాలన్నావుగా పోగ్‌జీ" అన్నాడు చివర్లో. "పడకూడదే. వాటితో ఇంకా పనుంది."

గురువారం పొద్దున పీపాల లారీ రేవుకు వచ్చింది. అరవై మందిమి దారికడ్డంగా కూర్చున్నాం. తాత అందరికంటే ముందు, అలవాటుగా ప్యాంటు మడిచి. లారీ ఆగింది. డ్రైవర్ దిగి మాతోపాటే కూర్చుని పొగాకు నలుపుకున్నాడు. పాలికార్ప్ ఫోన్ చేశాడు. మా ఊరికి కాన్పు కోసం కారు అడిగితే రెండు రోజులకు వచ్చే దొరతనం, పీపాలు ఆగాయంటే గంటలో దిగింది.

పోలీసులు లెమ్మన్నారు. లేవలేదు. లాఠీలు లేచాయి. తాతకు లాఠీ వస్తున్నది కనపడదు. అందరం చేతులు అడ్డం పెట్టుకున్నాం, ఆయన పెట్టుకోలేదు. దెబ్బ చెవి పక్కన తగిలింది. రాళ్ల మీద ఒరిగాడు. లారీ రేవు దాటలేదు, ఆ ఒక్కటీ జరిగింది. శుక్రవారం ఎండ ఎక్కకముందే తాత పోయాడు.

శనివారం వాళ్ల సభ. శనివారమే మా తాత దినం.

మా దగారా తెగవాళ్లలో చచ్చినవాణ్ని పడుకోబెట్టరు. ఎత్తైన కర్ర మంచె మీద, మంచి బట్టలు తొడిగి, నలుగురికీ కనపడేలా కూర్చోబెడతారు. బతికినప్పుడు ఏ పని చేశాడో ఆ పనిముట్లు పక్కన వేలాడదీస్తారు. వేటగాడికి విల్లు, రైతుకు కంకులు. జీమ్ తాతకు ఏం కట్టాలో ఎవరూ అడగలేదు. తెల్ల చొక్కా తొడిగాం. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచాం. మంచె చుట్టూ గాజు గొట్టాలు దారాలతో వేలాడదీశాం. గాలికి అవి ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి.

సభకు వేసిన కుర్చీలు అటు ఖాళీగా ఉన్నాయి. ఊళ్లన్నీ ఇటు వచ్చాయి. చెక్క పలకల వాద్యాలు రెండు మోగుతుంటే ఏడ్పు పాటగాడు గోడ మీది లెక్కను పాడుతున్నాడు. రెండొందల రెండు, నూట డెబ్బై, తొంభై ఆరు. జనం ఒక్కో అంకెకూ ముందుకొచ్చి వెనక్కి పోతున్నారు.

చివరికి డాక్టరూ పాలికార్పూ రాక తప్పలేదు. చావు పక్కనుంచి పలకరించకుండా పోతే ఇక్కడ మనిషి కింద జమకట్టరు. డాక్టర్ చేతిలో తాత పేరు మీద చట్రం కట్టిన కాగితం, 'విశ్వాసపాత్రుడైన సేవకుడు' అని. మేజోళ్లు, తొడుగులు, టోపీ, వల, అన్నీ ఉన్నాయి.

పోగ్‌జీది తాత వంశంతో వేళాకోళపు వరస. ఆ వరసవాళ్లు చావు దగ్గర శవాన్నయినా, వచ్చిన పెద్దలనయినా ఎంత ఎగతాళి చేసినా ఎవరూ తప్పు పట్టకూడదు. ఆమె మంచె కింద ఒక పీట వేసింది.

"రండి డాక్టరు బావా, కూర్చోండి. మా తాత ఒక్కడే కూర్చుని విసుగెత్తి ఉన్నాడు. ప్యాంటు మడవండి. ఆ మేజోళ్లు తీయండి, మీ కాళ్లు ఎంత తెల్లగా ఉన్నాయో మేమూ చూసి తరిస్తాం."

జనం నవ్వారు. డాక్టర్ కూడా నవ్వబోయాడు.

"నవ్వులాట కాదు బావా. రోజుకు పదకొండని సంతకం పెట్టారుగా. అంటే గంటకు ఒకటి. ఒక్క గంట కూర్చోండి. ఒక్క ఈగ. ఇరవై ఆరేళ్లు కూర్చున్నవాడి పక్కన ఒక్క ఈగకు కూర్చోలేరా?"

ఎవరూ నవ్వలేదు. గొట్టాలు మోగుతున్నాయి. డాక్టర్ పీట వైపు చూశాడు. ఆయన వల మీద అప్పటికే నాలుగు నల్ల ఈగలు పాకుతున్నాయి. అందరికీ కనపడుతున్నాయి.

"ఇది... ఇది శాస్త్రీయ పద్ధతి కాదు" అన్నాడు.

"పోనీ కాంట్రాక్టరు మరిదీ, నువ్వు రా. ఏరు శుభ్రం చేసినవాడివి."

పాలికార్ప్ అప్పటికే కారు దగ్గరకు పోయాడు. డాక్టర్ వెనకాలే పరిగెత్తాడు. చట్రం కింద పడింది. కారు అద్దాలు పైకి లేచాయి. ఇన్నాళ్లూ వీళ్లకా మేం భయపడింది! నాకు ఒళ్లంతా సిగ్గు పుట్టింది.

పోగ్‌జీ ఆ పీట మీద తనే కూర్చుంది. నడుముకు చుట్టిన గుడ్డ మోకాళ్ల పైకి లాక్కుంది. "ఎవడో ఒకడు సీసా ఇవ్వండిరా" అంది. హమాలీ ఆమె పక్కన కూర్చున్నాడు. లారీ డ్రైవర్ వచ్చాడు. తర్వాత ఎవరూ ఎవరినీ పిలవలేదు. ముసలివాళ్లు, పాలిచ్చే తల్లులు, బడి పంతుళ్లు, అందరూ తాతను మోసుకుని ఏటి ఒడ్డుకు దిగి, ప్యాంట్లు మడిచి, మందు సీసాలు, కల్లు సీసాలు, దొరికిందల్లా పట్టుకుని రాళ్ల మీద వరసగా కూర్చున్నారు. ప్రకటన చదవడానికి వచ్చిన పెద్దల కార్లు ఒడ్డు దాకా వచ్చి, ఆ కాళ్లను చూసి, వెనక్కి తిరిగాయి. నేను పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి లెక్క రాశాను.

మూడింటికి నన్ను అరెస్టు చేశారు.

పట్నం స్టేషన్‌లో సార్జెంటు కాగితం నా ముందుకు తోశాడు. "చదువుకున్నోడివిగా, నువ్వే రాయి. ఇంటికి పోదువు గానీ. 'కొందరు తాగుబోతులు అల్లరి చేశారు.' ఎంతమంది అంటావా... ఒక పదకొండు మంది అని వెయ్యి."

ఆయనకు ఆ అంకె ఎవరు చెప్పారో నాకు తెలీదు. బహుశా పైనుంచే వచ్చి ఉంటుంది. వాళ్లకు మా ఈగలైనా మేమైనా పదకొండుకు మించకూడదు.

పెన్ను తీసుకున్నాను. నాలుగు వందల పన్నెండు మంది అని రాశాను. కింద వాళ్లు పట్టిన ఈగల సంఖ్య రాశాను. దాని కింద సంతకం పెట్టాను.

సార్జెంటు చదివాడు. కాగితం చింపి, ఇంకోటి తోశాడు. దాని మీదా అదే రాశాను.