పదకొండు నిమిషాల పాస్టరు

నాకు ఒక మంచి గుణం ఉంది. ఏ ఫారంలోనూ ఒక్క గడి కూడా ఖాళీగా వదలను. గోపాల్‌పేట బస్టాండు ఎదురుగా ఉన్న ఆన్‌లైన్ సెంటరు నాదే. తండ్రి పేరు అడిగిన చోట తండ్రి పేరు రాసి ఊరుకునే మనిషిని కాను. జాగా మిగిలితే 'గారు' కూడా చేరుస్తాను. నా భార్య రేఖ దీన్ని గొప్పలకు పోవడం అంటుంది. నేను సేవ అంటాను.

రోజూ పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తుతాను. పింఛనుకు వచ్చిన ముసలోళ్ళ వేలిముద్రలు మిషన్ మీద పడవు. వేళ్ళు కొంగుతో తుడుచుకోమంటాను, నెత్తికి రాసుకోమంటాను, చివరికి మిషన్‌నే నాలుగు దెబ్బలు వేస్తాను. మే నెలలో ఒక శనివారం నేను మిషన్‌ను కొడుతూ ఉండగా యేసుబాబు వచ్చాడు.

యేసుబాబు మా ఊరి మోటరు మెకానిక్. కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ చుట్టి మళ్ళీ బతికిస్తాడు. చేతులకు ఎప్పుడూ గ్రీసే.

"ఉమేషన్నా, పాస్టరు కావాల్నంటే ఏం ఫారం నింపాలె?"

"ఎవలికి?"

"నాకే."

ఎందుకని నేను అడగలేదు. ఊరంతటికీ తెలుసు. జయపాల్ సార్ కూతురు హెప్సిబా వనపర్తిలో ఒక దవాఖానలో నర్సు. ఆ పిల్లా ఇతనూ రెండేళ్ళుగా ఒకరంటే ఒకరు ఇష్టపడుతున్నారు. జయపాల్ సార్ రిటైరైన లెక్కల పంతులు, మా ఊరి చర్చికి సంఘ పెద్ద. యేసుబాబు మీద ఆయనకు కోపమేమీ లేదు. కానీ పిల్లను దైవసేవకుడికే ఇవ్వాలని భార్య పోయేముందు ఆయన దగ్గర మాట తీసుకుంది. ఇప్పుడు నాగర్‌కర్నూల్ నుంచి ఒక పాస్టరు సంబంధం చూసుకోవడానికి వస్తోంది.

"బైబిల్ కాలేజీకి పోతే మూడేండ్లు పడ్తదంట అన్నా. వాళ్ళు ఈ సోమారం ఇడిసి పై సోమారమే వస్తుండ్రు. నాకు తొమ్మిది రోజులే ఉన్నయి."

"తొమ్మిది రోజులెందుకురా? కూసో" అన్నాను.

వెతికితే దొరకనిది ఏముంది? సముద్రాల అవతల ఎక్కడో ఒక ఆన్‌లైన్ మినిస్ట్రీ. పేరు, పుట్టిన తేదీ, ఈమెయిలు ఇస్తే అభిషేకం చేసి సర్టిఫికెట్ పంపిస్తారు. అంతా ఉచితం. 'మీకు పిలుపు ఎలా వచ్చింది?' అన్న గడి దగ్గర యేసుబాబు బుర్ర గోక్కున్నాడు. నేను ఆరు వరుసలు రాశాను. అందులో ఒక మెరుపు, ఒక స్వరం, మధ్యలో కృష్ణా నది కూడా వచ్చాయి. తర్వాత బిరుదు ఎంచుకోమన్నారు. నొక్కితే ముప్పై దాకా జాబితా దిగింది.

"పాస్టరు అని పెట్టన్నా, సాలు."

"పిచ్చోడా, అన్నీ ఉత్తగనే ఇస్తుండ్రు. అండ్ల చిన్నది ఎందుకు తీస్కుంటవ్?"

అలా పదకొండు నిమిషాల్లో అతను మోస్ట్ రెవరెండ్ డాక్టర్ బిషప్ యేసుబాబు అయ్యాడు. కలర్ ప్రింటు తీసి లామినేషన్ చేశాను. వేడివేడిగా చేతిలో పెడితే గ్రీసు అంటకుండా అంచుల మీద పట్టుకుని చూశాడు. "ఇంత పెద్దగ ఉంటే ఆమె భయపడ్తది గదన్నా" అన్నాడు.

హెప్సిబా భయపడలేదు. ఫోటో చూసి ఫోన్లో రెండు నిమిషాలు నవ్విందట. "బిషప్పు సాబ్, మా దవాఖానల నీళ్ళ మోటరు కాలింది. ఆశీర్వదించిపోతవా?" అందట.

జయపాల్ సార్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఎన్ని రోజుల చదువురా ఇది?" అన్నాడు.

"పదకొండు నిమిషాలు సార్" అన్నాడు యేసుబాబు. అబద్ధం చెప్పడం రాదు మనిషికి. "నెట్టు జర స్లో ఉండె. లేకుంటే ఇంక తక్కువే."

సార్ కాగితం తిరిగి ఇచ్చేశాడు. "దీని సంగతి నాకు తెల్వదు. రేపు కాదు, పై ఐతారం ప్రసంగం చెయ్. చెప్పులు ఏమంటయో సూద్దాం."

మా ఊరి చర్చి సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అందరిలాగే సంఘంవాళ్ళూ చెప్పులు బయట విడిచి లోపలికి పోతారు. లోపల మాట్లాడే మనిషి మాటలో మనసు లేకపోతే బయట చెప్పులు లేచి ఇంటికి వెళ్ళిపోతాయి. అంతే. మనిషి ఒట్టి కాళ్ళతో ఇంటికి పోయేసరికి అవి గడప ముందు బుద్ధిగా ఉంటాయి. పాస్టర్ల కొలత మా ఊళ్ళో అదే. "మునుపటాయన చెప్తుంటే నావి బోరింగు దాంక పోయి మళ్ళొచ్చినయి" అంటే బాగానే చెప్పాడని. రెండేళ్ళుగా నెలకోసారి బయటి నుంచి ఒక పాస్టరు వస్తున్నాడు. ఆయన ప్రార్థన మొదలుపెట్టగానే అందరికంటే ముందు ఆయన బూట్లే లేచి కారెక్కి కూర్చుంటాయి. జయపాల్ సార్‌వి లేసుల బూట్లు. పోకుండా రెండు లేసులూ కలిపి ముడేసి పెడతాడు. అయినా అవి గంతులు వేసుకుంటూ పోతాయి.

ఆదివారం దాకా యేసుబాబు మోటర్లు ముట్టలేదు. సర్టిఫికెట్‌తో పాటు ఆ మినిస్ట్రీవాళ్ళు పది నమూనా ప్రసంగాలు పంపారు. ఇంగ్లీషులో ఉన్నాయి. ఫోనుకు ఇస్తే తెలుగు చేసిపెట్టింది. అందులో పొడుగ్గా ఉన్నదాన్ని నేనే ఎంపిక చేశాను.

"అన్నా, నువ్వు గూడ రావాలె. ముందు వరుసల కూసో. నాకు ధైర్నం."

నేను హిందువును. చర్చికి పోవడం అదే మొదలు. పెబ్బేరు సంతలో కొన్న కొత్త తోలు చెప్పులు వేసుకుని పోయాను. ఈ పద్ధతి వాళ్ళ చెప్పులకే గానీ నావాటికి వర్తించదని నా నమ్మకం.

రేకుల చర్చి. పది గంటలకే పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. యేసుబాబు తెల్ల చొక్కా వేసుకుని లేచాడు. ప్రసంగం కాగితం తీశాడు.

"ప్రియులారా! నిన్న రాత్రి కురిసిన మంచు తుఫాను తర్వాత, ఈ ఉదయం మీరు మీ వాకిలి ముందు మంచును పారతో తోడుతూ ఉండగా, దేవుని కృపను గూర్చి ఆలోచించారా?"

ఎవరూ ఆలోచించలేదు. మూడో వరుసలో వెంకటమ్మ చెమట తుడుచుకుంటూ, "యాడ పడ్డది బిడ్డా మంచు? జర మా దిక్కు గూడ పంపియ్యి" అంది.

బయట టప్ మని ఒక చప్పుడు. నా ప్రాణం చివుక్కుమంది. కొత్త తోలు చప్పుడు నాకు తెలుసు. అన్నిటికంటే ముందు లేచినవి నావే.

తర్వాత టపటపా, చరచరా. వెనక్కి తిరిగి చూడటం మర్యాద కాదు గనుక అందరూ ముందుకే చూస్తూ చెవులతో లెక్కపెడుతున్నారు. చివరగా ధబ్, ధబ్ అని గంతులు. జయపాల్ సార్ కళ్ళు మూసుకున్నాడు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న హెప్సిబా కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

యేసుబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయిపోయింది" అన్నాడు. ప్రసంగం అయిపోయిందన్నాడో, తన పని అయిపోయిందన్నాడో, రెండూ నిజమే.

బయటికొస్తే ఒక్క చెప్పు లేదు. సంఘమంతా కాలుతున్న నేల మీద ఎగురుకుంటూ ఇళ్ళకు పోయింది. ఐదు నిమిషాల్లో అలాగే ఎగురుకుంటూ తిరిగొచ్చింది.

"మా ఇంటికాడ లేవు."

"మాయి గూడ లేవు. యాడికి పోయినట్టు?"

అలా ఎన్నడూ జరగలేదు. చివరికి వెంకటమ్మ దుమ్ములో జాడ చూసింది. ముప్పై నలభై జతల అచ్చులు, ఒకటి కూడా పక్కకు పోకుండా, వాడ చివరికి పోతున్నాయి. వాటి వెంట నడిచాం. ముందు జయపాల్ సార్, వెనక మేము, అందరికంటే వెనక లామినేషన్ కాగితం చంకలో పెట్టుకుని యేసుబాబు.

అన్నీ ముసలి భీమమ్మ ఇంటి ముందు ఉన్నాయి. వరుసగా, ముక్కులు వాకిలి వైపు పెట్టి.

భీమమ్మ తుంటి విరిగి పద్నాలుగు నెలలైంది. కొడుకూ కోడలూ పుణెలో కూలికి పోయారు. పక్కింటివాళ్ళు పూటకు ఇంత పెట్టిపోతారు. చర్చిలో రోగుల కోసం ప్రార్థన చేసేటప్పుడు ప్రతి ఆదివారం మూడో పేరు ఆమెదే చదువుతారట. చదివినవాళ్ళు ఒక్కసారి కూడా ఈ వాకిట్లోకి రాలేదు. ఆ ముచ్చట ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడటంలోనే తెలిసిపోయింది.

యేసుబాబు తలవంచి లోపలికి పోయాడు. హెప్సిబా అతని వెనకే పోయింది.

"ఎవలు బిడ్డా?"

"నేనవ్వా, యేసుబాబును. మోటర్ల యేసుబాబు."

"పాస్టరయ్య రాలేదా?"

అతను గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశాడు. కాగితం అతని చంకలోనే ఉంది. ఆ ఇంగ్లీషు బిరుదులు ఆమె చదవలేదు గనుక ఏం చెప్పినా నమ్మేది.

"రాలేదవ్వా. నేనే వచ్చిన."

"మంచిదే. జర లేపి కూసోబెట్టు. నడుం కాలుతుంది."

అతను లేపాడు. బరువు మోటర్లను బావిలోంచి తీసే చేతులు అవి. ఎక్కడ పట్టాలో, ఎంత మెల్లగా లేపాలో వాటికి తెలుసు. హెప్సిబా వీపు చూసి, "పుండ్లు వడ్డయి. ఎవరన్న వేడినీళ్ళు పెట్టుండ్రి" అని అరిచింది. నలుగురు ఆడవాళ్ళు పొయ్యి దగ్గరికి పరుగెత్తారు. పని ఉన్నందుకు వాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. హెప్సిబా ఇటు తిరిగి, "నీ బిషప్పుతనం ఇటియ్యి" అని లామినేషన్ కాగితం గుంజుకుని ముసలమ్మకు విసరడం మొదలుపెట్టింది. గాలి బాగానే వచ్చింది. మందం లామినేషన్ వేశాను మరి.

"చర్చిల ప్రభువు బల్ల రొట్టె, రసం దీస్కొని పద్నాలుగు నెలలాయె" అంది భీమమ్మ. "ఇస్తరా?"

అందరూ జయపాల్ సార్ వైపు తిరిగారు.

"అభిషేకం లేనోడు బల్ల ఇయ్యరాదు" అన్నాడు సార్, గుమ్మంలోంచే.

"అయితే మీరియ్యుండ్రి సార్" అన్నాడు యేసుబాబు.

"నేను పెద్దనే గానీ సేవకుణ్ణి కాదుర."

"నెలాఖరుకు పాస్టరయ్య వస్తడు గద..." అన్నారెవరో.

"మీ పంచాయితీ తెగేలోపల నేను పోత" అంది భీమమ్మ.

నేను ఫోను తీసి, ఆ ఆన్‌లైన్ మినిస్ట్రీ దీనికి ఒప్పుకుంటుందో లేదో చూడబోయాను. సిగ్నల్ లేదు. జీవితంలో మొదటిసారి ఒక గడి నింపలేకపోయాను.

జయపాల్ సార్ వెనక్కి తిరిగి వాకిట్లోకి చూశాడు. నేనూ తొంగి చూశాను. ఆయన బూట్ల ముడి ఊడిపోయి ఉంది. అయినా ఒక్కటి కూడా కదలడం లేదు.

"ఇయ్యిరా" అన్నాడు.

పక్కింటావిడ పొద్దున పెట్టిపోయిన జొన్నరొట్టె ఉంది. ద్రాక్షరసం లేదు. గ్లాసులో బెల్లం కలిపిన నీళ్ళు తెచ్చింది వెంకటమ్మ. యేసుబాబు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. గ్రీసు పూర్తిగా పోలేదు. రొట్టె విరిచాడు. ఆ సమయంలో చెప్పాల్సిన మాటలు నెలనెలా విన్నవే, ఒక్కటీ గుర్తుకు రాలేదు అతనికి.

"అవ్వా, ఇది ఆయన ఇచ్చిందే. నేను ఊకె అందిస్తున్న. తిను" అన్నాడు.

ఆమె తిన్నది. మేమంతా చెవులు బయటికి పెట్టి విన్నాం. చప్పుడు లేదు.

"ఉప్పు తక్కువైంది" అంది భీమమ్మ.

జయపాల్ సార్ బయటికొచ్చి, చింతచెట్టు నీడన ఉన్న బండ మీద కూర్చుని, సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి పట్టుకుని, నాగర్‌కర్నూల్‌కు చేశాడు. సోమవారం రావద్దని, పిల్లకు ఒక సేవకుడి సంబంధం కుదిరిందని చెప్పాడు.

అవతల ఏ సంఘం పాస్టరని అడిగినట్టున్నారు.

"మోటర్లు చుడ్తడు" అన్నాడు సార్.

ఆరు నెలలకు పెళ్ళయింది. వనపర్తి నుంచి లైసెన్సున్న పాస్టరు వచ్చి చేశాడు. ఆయన ప్రసంగం రెండో గంటలో పడేసరికి చెప్పులన్నీ లేచి బువ్వ పందిట్లోకి పోయి మాకంటే ముందు వరుసల్లో నిలబడ్డాయి. యేసుబాబు ఇప్పుడు సార్ దగ్గర సాయంత్రాలు బైబిలు చదువుతున్నాడు, లెక్కల పాఠంలాగే తిట్లు తింటూ. ఆదివారం అతను రెండు ముక్కలు మాట్లాడతాడు. తర్వాత అందరూ బయటికొచ్చి, చెప్పులు ఆ రోజు ఎవరింటి ముందు నిలబడ్డాయో వెతుక్కుంటూ పోతారు. అక్కడ ఎవరికో జ్వరం ఉంటుంది, లేదా ఇంట్లో ఎవరో ఎవరితోనో మాట్లాడక వారం అయి ఉంటుంది.

నేనూ అప్పుడప్పుడు పోతున్నాను. నా చెప్పులు మాత్రం మందతో కలవడం లేదు. ప్రతిసారీ మా చిన్నాయన నర్సింహులు ఇంటి ముందు దొరుకుతున్నాయి. పొలం గెట్టు తగాదాలో మా ఇద్దరి మధ్య మాటలు పోయి ఆరేళ్ళైంది. పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. తలుపు తెరిచే ఉంటుంది, లోపల మంచం కనబడుతుంది. నేను వంగి చెప్పులు వేసుకుని తిరిగి వచ్చేస్తున్నాను. ఊళ్ళో అందరి తరఫున ఏ ఆఫీసుకైనా అర్జీ రాయగలను గానీ, ఆ గడప దాటి మొదటి మాట ఏమనాలో నాకు ఇంకా తోచలేదు.