ఊట దగ్గర ఎడమకి

రోప్‌వే కంపెనీ వాళ్ళు మా కాలిబాటను మూయించాలని చూస్తున్న సంగతి అందరికంటే ముందు మా మరదలికి తెలిసింది. ఆమె పైన కనుమ దగ్గర రాతి గుడిసె నడుపుతుంది. కొండెక్కి వచ్చేవాళ్ళకి టీ, ఉడకబెట్టిన గుడ్లు, వాన పట్టుకుంటే ఆ పూటకి ఓ పడక. అందుకే ఊరంతా ఆమెను కనుమక్క అంటారు. నన్ను మాస్టారు అంటారు. నేను ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. కాలేజీ చదువు ముగించుకుని సరదాగా కొండ చూద్దామని వచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని ఉండిపోయాను, అంతే. నా భార్య పోయాక మా ఇంట్లో రెండు గదులు నడకకు వచ్చేవాళ్ళకి ఇస్తున్నాను. పొద్దున్నే వాళ్ళు బూట్లు వేసుకుని మెట్లు దిగే చప్పుడు వింటే ఇంట్లో మనుషులున్నారనిపిస్తుంది.

"బాట పోతే నా గుడిసె కూడా పోయినట్టే బావా," అంది కనుమక్క, మా వంటింట్లో ఉల్లిపాయల మీద తన కోపమంతా చూపిస్తూ. "తీగల మీద వేలాడుతూ వచ్చేవాళ్ళకి పైన వాళ్ళ హోటలే ఉంటుందట. బాట ప్రమాదమట. ఇన్నేళ్ళుగా నడుస్తున్న మనమంతా దయ్యాలమా మరి?"

బాట సంగతి తేల్చడానికి ప్రభుత్వం పెట్టిన నిబంధన మాత్రం తేలికగానే ఉంది. ఈ కొండ ఎరగని అధికారి ఒకాయన వస్తాడు. పక్కన ఎవరూ ఉండకూడదు, దారి ఎవరూ చెప్పకూడదు. రాళ్ళ మీది గుర్తులు చూసుకుంటూ ఆయన కనుమ చేరితే బాట ఉన్నట్టు. చేరకపోతే లేనట్టు. అప్పుడు చలికాలం లోపు గుడిసె ఖాళీ చేయాలి.

"రమ్మను. రెండు కళ్ళుంటే చాలు," అంది కనుమక్క.

పాత గుర్తులు ఎండకీ మంచుకీ వెలిసిపోయాయి. పసుపు రంగు డబ్బాలు పట్టుకుని మేమిద్దరం బయల్దేరితే ఊరు ఊరంతా వెనకే వచ్చింది. ఎవరి భయం వాళ్ళది. గొర్రెలవాడు రాళ్ళు జారే వాలు దగ్గర నిలబడి, ఇక్కడ గుర్తు లేకపోతే మనిషి దక్కడన్నాడు. వడ్రంగి తను వేసిన చెక్క వంతెనకి రెండు వైపులా గీతలు పెట్టించాడు. ఉత్తరాలు పంచే ఆవిడ ఒకసారి జారిపడ్డ బండను చూపించి, "ఇక్కడ పెద్దది పెట్టండి. నేను పడ్డ చోటు నలుగురికీ తెలియాలి," అంది.

"నువ్వు పడటం ఎవరు చూడలేదని? ఆ చప్పుడుకి మా గొర్రెలు ఇంకా బెదురుతున్నాయి," అన్నాడు గొర్రెలవాడు. ఆవిడ బ్రష్ విదిలిస్తే అతని చొక్కా మీద కూడా ఓ గుర్తు పడింది.

అధికారి ముందు రోజు సాయంత్రం వచ్చి మా ఇంట్లోనే దిగాడు. నెమ్మదైన మనిషి. చెప్పకుండానే గుమ్మం బయట బూట్లు విప్పాడు. బాట మాట ఎత్తకూడదు కాబట్టి ఇద్దరం మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. భోజనం అయ్యాక తన కంచం తనే కడిగి బోర్లించాడు. ఆ సింకు దగ్గర ఇంకొకరు నిలబడి చాలాకాలమైంది.

తెల్లవారగానే ఆయన కంటే ముందు నేను బయల్దేరాను. ఊట దగ్గర దోసిలితో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మామూలుగా పైకి తిరిగాను. ఒక్కో పసుపు గీతా కనబడుతుంటే ధైర్యంగా అనిపించింది. ఆకాశంలో మబ్బు కూడా లేదు.

గుడిసె ముందు రోప్‌వే మేనేజర్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. కనుమక్క అతనికి కూడా టీ ఇచ్చింది.

"చక్కెర వేశావా దీన్లో?" అన్నాడు అతను.

"వేశాను. విషం అయిపోయింది, కొత్తది ఇంకా రాలేదు."

అతను నవ్వాడు. కుర్రాడేం కాదు, చెడ్డవాడూ కాదు. "అక్కా, మా హోటల్లో వంటకి మనిషి కావాలి. నీకైతే రెండో మాట ఉండదు," అన్నాడు.

"ఒకరి పొయ్యి ఆర్పి తన పొయ్యి దగ్గరికి రమ్మనేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

ఎండ నడినెత్తికి వచ్చింది. అధికారి జాడ లేదు. కనుమక్క వంపు దాకా వెళ్ళి చూసి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నాకు ఆ జారుడు వాలే కళ్ళ ముందు మెదిలింది. చివరికి మేనేజర్ ఫోన్ మోగింది. అతను విని, కాస్త మొహమాటంగానే చెప్పాడు.

"ఆయన కలప డిపో దగ్గర దిగారట. క్షేమమే. దారి తప్పారు."

కలప డిపో అనగానే మా ఇద్దరికీ వెలిగింది. డిపోకి పోయే దారి ఊట దగ్గరే చీలుతుంది. కుడివైపు దుంగలు లాగే వెడల్పాటి దారి, ఎడమవైపు పొదల్లోంచి మా సన్నబాట. కష్టమైన ప్రతి చోటా గుర్తు పెట్టాం. ఊట దగ్గర మాత్రం పెట్టలేదు. అక్కడ అందరం నీళ్ళు తాగుతాం, ఎడమకి తిరుగుతాం. కాళ్ళు ఎడమకి తిరుగుతాయని చెప్పాల్సి వస్తుందని అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

సాయంత్రం అధికారి మా అరుగు మీద కూర్చుని కాళ్ళకి పట్టిన బురద గీక్కుంటున్నాడు. కనుమక్క ఆయన ఎదురుగా నిలబడింది.

"ఒక్క గుర్తు సార్. ఒక్క గీత. అది రేపు పెడితే సరిపోదా?"

"సరిపోతుందమ్మా, వచ్చే ఏడాది తనిఖీకి. ఇవాళ నేను దారి తప్పాను. తప్పలేదని ఎలా రాయను?"

"రాయొద్దు. తప్పారు, నిజమే," అంది ఆమె. కోపంలో కూడా ఆమె అబద్ధం అడగలేదు. "మీ రాత మీరు రాయండి. నేను మాత్రం కిందికి దిగను."

"అమ్మా, చలికాలం లోపు..."

"చలికాలాన్నే రానివ్వండి. దాంతో నాకు పాత పరిచయం."

ఆయన లేచి బూట్లు తొడుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు నా చేయి పట్టుకుని, "జారుడు వాలు దాకా వెళ్ళి ఉంటే బాగుండేది. గుర్తులు బాగా పెట్టారట," అన్నాడు. ఆ మాట అనకుండానే వెళ్ళిపోవచ్చు, అయినా అన్నాడు.

వారం తిరక్కుండా బోర్డు పాతారు. ఎర్ర అక్షరాలు: కాలిబాట మూసివేయబడింది. నడిచేవాళ్ళని ఆపాలంటే అదే మంచి చోటని, సరిగ్గా ఊట దగ్గర పాతారు. ఆ పూట కనుమక్క పైనుంచి సరుకుల కోసం దిగి వచ్చి, బోర్డు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నేను ఆమె బస్తా మోయడానికి వచ్చాను.

"బావా, ఎంత ఎత్తుగా పెట్టారో చూడు. ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇంట్లో రంగు మిగిలిందా?"

నేను నీళ్ళు నమిలాను. ప్రభుత్వ బోర్డన్నాను, జరిమానా అన్నాను, చట్టమన్నాను. ఆమె అంతా విని, "అయితే డబ్బా ఇచ్చి ఇంటికి పో," అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే నా మీద జాలితో. ఆ జాలి నేను మోయలేకపోయాను.

డబ్బా తెచ్చాను. బ్రష్ మాత్రం ఆమెకి ఇవ్వలేదు. ఎర్ర అక్షరాల కింద, బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎడమకి చూపే బాణం నేనే గీశాను. రంగు కారిన చోట కనుమక్క తన కొంగుతో తుడిచింది.

మర్నాడు మేనేజర్ వచ్చేసరికి నేను ఊట గట్టు మీదే కూర్చుని ఉన్నాను.

"ఎవరు మాస్టారూ ఈ పని చేసింది?"

"నేనే."

అతను నమ్మలేదు. "అక్కని కాపాడాలని చెబుతున్నారా?"

"ఆమెను కాపాడేంత మొనగాణ్ణి కాను. గీసింది నేనే. తుడిపించండి, మళ్ళీ గీస్తాను. బోర్డు పీకేస్తే రాయి మీద గీస్తాను. నాకిక్కడ వేరే పనేం లేదు."

అతను ఫోన్ తీసి బోర్డుని ఫోటో తీసుకున్నాడు, నేను లేచి పక్కనే నిలబడితే నన్ను కూడా. కొంచెం సర్దుకుని నిలబడ్డాను.

అప్పుడే కింది నుంచి ఓ జంట వచ్చింది, వీపులకి సంచులతో. ఆ అమ్మాయి బోర్డు మీది ఎర్ర అక్షరాలు చదివింది, వాటి కింద బాణం చూసింది.

"మూసేశారా, తెరిచే ఉందా అండీ?"

మేనేజర్ నా వైపు చూశాడు. నేను అమ్మాయి వైపు చూశాను.

"నీళ్ళు పట్టుకోండి. పైన గుడిసె దాకా ఇంక దొరకవు," అన్నాను.

వాళ్ళు వంగి సీసాలు నింపుకుని ఎడమకి తిరిగారు.