ఏడో ప్రశ్న, రెండున్నర కిలోల తుపాకీ

మా ఆయన సాయినాథ్ శనివారం కోడిగుడ్డు కూడా ముట్టడు. వెంకటేశ్వరస్వామికీ ఆయనకూ మధ్య చిన్నప్పుడే కుదిరిన ఒప్పందం అది. అలాంటి మనిషి శనివారాలు అడవిలో నడవడానికి తుపాకీ కొంటానన్నాడు.

"కొని ఎవర్ని కాలుస్తారు?" అన్నాను.

"కాల్చడానిక్కాదు నిరూ. పట్టుకుని నడవడానికి."

ఈ దేశంలో పులి లేదు, ఎలుగుబంటి లేదు, చివరికి పాము కూడా లేదు. న్యూజీలాండ్ అడవిలో మనిషి మీద పడి కరిచేది సాండ్‌ఫ్లై ఒక్కటే. అది దోమకన్నా చిన్నది. దాన్ని తుపాకీతో కొట్టాలంటే గురి మహా బాగుండాలి. ఆ మాటే అంటే మా ఆయన మూతి ముడుచుకున్నాడు.

ఈ తుపాకీ పురుగును ఆయన బుర్రలో పెట్టింది గ్రాహం. హాబ్సన్‌విల్‌లో మాకు రెండిళ్ల అవతల ఉంటాడు, డెబ్బై రెండేళ్ల రిటైరైన ప్లంబరు. గంట దూరంలో అతని తమ్ముడికి నలభై ఎకరాల అడవి ఉంది. ప్రతి శనివారం మా ఆయన్ని వెంటేసుకుని వెళ్తాడు. చెట్లనీ పక్షిగుడ్లనీ తినే పోసమ్‌లనే పిల్లంత జంతువులూ, కుందేళ్లూ కనిపిస్తే గ్రాహం కాలుస్తాడు, మా ఆయన మనసులో గోవింద అనుకుంటాడు. గ్రాహం భుజాన తుపాకీ, మా ఆయన భుజాన టీ ఫ్లాస్కు.

ఈ నడకల్ని నేను ఎగతాళి చేస్తాను గాని, వాటి జోలికి ఇంకెవరైనా వస్తే ఊరుకోను. తుపాకీ మాట ఎత్తడానికి ముందేడు జూన్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. పద్నాలుగేళ్లు చాకిరీ చేయించుకున్న ఆఫీసువాళ్లు 'రీస్ట్రక్చరింగ్' అనే మాటా, అందరూ సంతకాలు పెట్టిన కార్డూ ఇచ్చి పంపేశారు. ఆ తర్వాత రెండు నెలల పది రోజులు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం, "రేపు లేవకపోయినా బాగుణ్ణు నిరూ" అన్నాడు, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా. నేను ఫార్మసీలో పనిచేస్తాను. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఆ సాయంత్రమే సంచిలో వేసుకెళ్లి నా డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాలేదు. ఇండియానుంచి ఫోన్ వస్తే 'వర్క్ ఫ్రమ్ హోమ్' అని బొంకాను. చివరికి గ్రాహం వచ్చి తలుపు తట్టి, "నా ఫ్లాస్కు మోసే మనిషి కావాలి" అన్నాడు. ఎందుకో లేచి వెళ్లాడు. మళ్లీ వారం వెళ్లాడు. మార్చికల్లా పాపటోయిటోయిలో ఒక గిడ్డంగుల కంపెనీలో ఉద్యోగం కూడా దొరికింది.

అందుకని, తుపాకీ అన్నప్పుడు పైకి నవ్వాను గాని లోపల నాకు భయం వేసింది.

గ్రాహం సలహా ఒక్కటే. "పొద్దంతా మోస్తావు, కాల్చేది ఒక్క క్షణం. కాబట్టి కాల్చడానికి కాదు, మోయడానికి బాగుండేది చూసుకో. తేలిగ్గా ఉండాలి, పొదల్లో తగులుకోకుండా పొట్టిగా ఉండాలి." దీన్ని మా ఆయన నలభై మూడు వరసల ఎక్సెల్ షీటుగా మార్చాడు. బరువు, గొట్టం పొడవు, భుజానికి తగిలించే పట్టీ వెడల్పు. పెళ్లిచూపులకి వచ్చి, నన్ను ఒక్క ప్రశ్నా అడక్కుండా కాఫీ తాగి సరేనని వెళ్లిపోయిన మనిషే ఇతను.

షీటుతో తృప్తి కలగలేదు. తుడుపుకర్రకి కందిపప్పు ప్యాకెట్లు టేపుతో చుట్టి, భుజాన వేసుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. ముందు మూడున్నర కిలోలు కట్టాడు. మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి, ఒక కిలో విప్పేశాడు. మా అమ్మాయి కావ్యశ్రీకి పద్నాలుగేళ్లు, తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడదు. తలుపు దగ్గర నిలబడి చూసి, "డాడ్, దట్స్ పప్పు" అని గదిలోకి వెళ్లిపోయింది. ఆ వారమంతా నేను పెసరపప్పుతో సాంబారు పెట్టాల్సి వచ్చింది.

ఆదివారం బోటనీ అనే పేటలో ఒక తుపాకుల షాపుకి వెళ్లాం. డీన్ అనే కుర్రాడు, మెడదాకా పచ్చబొట్లు, చాలా మర్యాదస్థుడు. మా ఆయన షీటు తెరిచేసరికి అతను ఒక గుటక మింగాడు. మొదట ఒకటి చూపించాడు, దాని మీదున్న దుర్బీను మా గీజరు పైపంత ఉంది. రెండోది అందంగా ఉంది గాని గొట్టం మరీ పొడుగు. మూడోది పొట్టిది, నల్లటి ప్లాస్టిక్ పిడి, చిన్న తూటాలు, రెండున్నర కిలోలకి ఒక వీసం తక్కువ. మా ఆయన దాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. చూడలేక, ఇలా ఇవ్వండని తీసుకున్నాను.

గొట్టాన్ని మనుషుల్లేని గోడవైపు తిప్పి, బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూసి, చిటికెనవేలు పెట్టి మళ్లీ చూసి, అప్పుడు భుజానికి ఆన్చాను. చెంప దానంతటదే పిడి మీదికి వచ్చి కూర్చుంది.

"మీకు అలవాటుందే!" అన్నాడు డీన్.

"ఎన్.సి.సి. గుంటూరు. రైఫిల్ షూటింగులో సెకండ్ ప్రైజు."

మా ఆయన నోరెళ్లబెట్టాడు. "పదహారేళ్లయింది మన పెళ్లయి. నాకెప్పుడూ చెప్పలేదే?"

"బయోడేటాలో రాశాను. మా అమ్మ కొట్టేసి ఎంబ్రాయిడరీ అని పెట్టింది."

మా అమ్మ కామేశ్వరమ్మకి అల్లుళ్లు జడుసుకుంటారని భయం. ఎంబ్రాయిడరీ నాకు ఈనాటికీ రాదు. ఏమైతేనేం, ఆ పొట్టి తుపాకీయే ఖాయమైంది. ఇక లైసెన్సు రావాలి.

ఇక్కడే వచ్చింది తంటా. ఈ దేశంలో తుపాకీ లైసెన్సు అడిగితే, ఆఫీసునుంచి మనిషి ఇంటికి వచ్చి భార్యని విడిగా కూర్చోబెట్టి ఈ మనిషి ఎలాంటివాడని అడుగుతారు. మనవాళ్లకి ఇంటర్వ్యూ అంటే వీసా ఇంటర్వ్యూ ఒక్కటే. అమీర్‌పేటలో కోచింగు తీసుకున్న బుర్ర ఊరుకుంటుందా! మా ఆయన పదహారు ప్రశ్నలకి మోడల్ ఆన్సర్లు ప్రింటు తీసి నా చేతికిచ్చాడు.

"బట్టీ పట్టక్కర్లేదు. న్యాచురల్‌గా చెప్పు చాలు."

ఒకటో ప్రశ్న: మీ భర్త ఎలాంటివారు? జవాబు: శాంతస్వభావులు, తోటపని ఇష్టం. మా తోట అంటే కుండీలో ఒక కరివేపాకు మొక్క. ఏడో ప్రశ్న: ఆయన ఎప్పుడైనా మనసు బాగాలేక బాధపడ్డారా? జవాబు: లేదు, ఎప్పుడూ ఉల్లాసంగా ఉంటారు.

నాకు ఒళ్లు మండింది. కాగితం మడిచి బిస్కెట్ల పళ్లెం కింద పెట్టాను.

ఆగస్టులో లైసెన్సు ఆఫీసునుంచి ఒకావిడ వచ్చింది. పేరు మార్గరెట్, అరవై ఏళ్లుంటాయి, వాన కోటూ గట్టి బూట్లూ. ఆయనతో మాట్లాడటం అయ్యాక బయటికి పంపింది. ఆయన కిటికీ అవతల, వానలో గొడుగు పట్టుకుని, కరివేపాకు మొక్కకి నీళ్లు పోస్తూ నిలబడ్డాడు. ఆరు ప్రశ్నలు గడిచాయి. మార్గరెట్ టీ గుక్క వేసి, సరిగ్గా ఏడోది అడిగింది.

పళ్లెం అంచున కాగితం చెవి కనిపిస్తోంది. కిటికీలోంచి ఆయన నా పెదాలే చూస్తున్నాడు. 'లేదు' అంటే చాలు, శనివారాలు బాగుంటాయి, ఇల్లు బాగుంటుంది. కానీ ఆ తుపాకీ మా ఇంట్లో ఉంటుంది. మాత్రలయితే సంచిలో వేసుకెళ్లాను, దీన్ని ఏ డ్రాయర్‌లో దాచను?

అంతా చెప్పాను. రెండు నెలల పది రోజులూ, ఆ మధ్యాహ్నం మాటా, అన్నీ. ఇప్పుడు బాగున్నాడని కూడా చెప్పాను. చెబుతూ ఏడ్చాను, సిగ్గుపడలేదు. మార్గరెట్ రాసుకుని, "కాదనడం లేదు, డాక్టరు ఉత్తరం కావాలి, కాస్త సమయం పడుతుంది, అంతే" అంది.

ఆవిడ కారు కదలగానే లోపలికొచ్చాడు. "ఏడోదానికి ఏం చెప్పావు?"

"నిజం."

ఆ పూటే దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ఫ్రిజ్‌తో మాట్లాడేవాడు. "పెరుగు అయిపోయినట్టుంది" అని దానికి చెప్పేవాడు. ఫ్రిజ్ తరఫున నేను వెళ్లి పెరుగు తెచ్చేదాన్ని. అంతవరకూ నవ్వుకున్నాను.

శనివారం గ్రాహం వచ్చి కారు హారన్ కొట్టాడు. మా ఆయన లేవలేదు. గదిలోకి వెళ్లి చూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఏ నడక ఆయన్ని మంచంమీంచి లేపిందో దాన్ని నా నోటితో నేనే లాగేసుకున్నానా?

"ఏవండీ."

"నాలుగ్గోడల మధ్య మాట అది. పట్టుకెళ్లి గవర్నమెంటుకి చెప్పావు. నాకు పిచ్చని రాయించావు."

"పిచ్చని కాదు. జబ్బు చేసిందని, తగ్గిందని. అబద్ధం చెప్పి ఆ తుపాకీని ఇంట్లో పెట్టుకుంటే నాకు నిద్రెలా పడుతుంది? మీరు లేచి తిట్టండి, ఆ కందిపప్పు కర్రతో కొట్టండి, కానీ ఆ గోడవైపు తిరక్కండి. నావల్ల కాదు ఇంక."

ఆయన ఇటు తిరిగాడు. తిట్టలేదు. "గ్రాహం వెళ్లిపోయాడా?" అన్నాడు.

వెళ్లలేదు. వంటింట్లో కూర్చుని మా జంతికలు తింటున్నాడు. అతనే ఉపాయం చెప్పాడు. లైసెన్సు లేనివాడు కూడా లైసెన్సున్న మనిషి పక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటే, కాల్చవచ్చట. "మీ ఇంట్లో సెకండ్ ప్రైజు వచ్చిన మనిషి ఒకరున్నారని విన్నాను" అని నావైపు చూశాడు.

మర్నాడే నా పేరుతో దరఖాస్తు పెట్టాను. సెప్టెంబరులో మా ఆయన, నేను అడక్కుండానే, డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి "వెళ్లొచ్చా" అని నాతోనే చెప్పాడు, ఫ్రిజ్‌తో కాదు. నవంబరులో మార్గరెట్ మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన లోపల, నేను బయట. మోడల్ ఆన్సర్లు ఇవ్వబోతే వద్దన్నాడు. నేను కరివేపాకు మొక్కకి ఎన్ని నీళ్లు పోశానంటే తర్వాత అది నెల్లాళ్లు కోలుకోలేదు. కిటికీలోంచి చూస్తే ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, మార్గరెట్ కలం ఆపి వింటోంది. నాకు కోపం ఎక్కువ. ఒకసారి ఇడ్లీ ప్లేటు విసిరాను, గోడమీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆయన బదులు తీర్చుకోవాలంటే అంతకన్నా మంచి రోజు రాదు.

జనవరిలో లైసెన్సు వచ్చింది. ఆ రెండున్నర కిలోల పొట్టి తుపాకీయే కొన్నాం. దాన్ని పెట్టే ఇనప్పెట్టె తాళంచెవి ఫార్మసీలో నా డ్రాయర్‌లో ఉంటుంది. మొదటి శనివారం గ్రాహం ముందు, నేను మధ్య, ఫ్లాస్కుతో మా ఆయన వెనక. గట్టెక్కాక ఒక కుందేలు దారికడ్డంగా వచ్చి కూర్చుంది. గ్రాహం కాల్చమని నాకు సైగ చేశాడు. నేను మా ఆయన్ని చూశాను. "శనివారం" అన్నాం ఇద్దరం ఒకేసారి. గ్రాహం కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు. అందుకని కంచె గుంజ మీద బీన్సు డబ్బా ఒకటి పెట్టాం.

తుపాకీ ఆయన చేతికిస్తూ, ఇన్నాళ్లూ దాచుకున్నది అడిగేశాను. "ఆవిడకి నా గురించి ఏం చెప్పారు?"

"కోపం ఉందా అని అడిగింది. చాలా ఉందన్నాను. గోడమీద మచ్చ కూడా చూపించాను."

"దుర్మార్గం. తర్వాత?"

"మరి ఈవిడ చేతికి తుపాకీ ఇవ్వొచ్చా అంది." ఆయన డబ్బావైపు గురిపెట్టి, ఒక కన్ను మూసుకున్నాడు. "పోయినేడు చలికాలమంతా నేనే ఆవిడ చేతిలో ఉన్నాను, తుపాకీ ఒక లెక్కా అన్నాను."

చట్టం ప్రకారం నేను చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. నేను అంతకన్నా దగ్గరగానే నిలబడ్డాను. కళ్లు మసకబారి డబ్బా నాకు సరిగ్గా కనిపించలేదు.

పేలింది. డబ్బా కదల్లేదు, గుంజ కదల్లేదు, ఎక్కడో కొమ్మ మీంచి రెండు ఆకులు మాత్రం రాలాయి. మా ఆయన బోల్టు వెనక్కి లాగి, నేను చేసినట్టే చిటికెనవేలు పెట్టి చూసుకుని, నావైపు చెయ్యి చాచాడు.

"ఇంకోటియ్యి" అన్నాడు.