మేడమీద పంచదార

కుట్టుమిషనావిడకి అనుమానం పుట్టిందంటే ఇక దాని అంతు చూసేదాకా ముద్ద దిగదు. ఈసారి అది పంచదార డబ్బాలో పుట్టింది. నిండా పోసిన డబ్బా ఇట్టే అడుగంటుతోంది. ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. ఆవిడ టీలో చెంచాడు వేసుకుంటుంది, అంతే. ఆయనకి చూస్తే ఒళ్ళంతా షుగరు. కిందటేడు కాలివేలికి పుండు పడి, మానేలోపు ఇద్దరి ప్రాణాలూ తోడేసింది. మళ్ళీ పడితే వేలు తీసెయ్యాల్సిందేనని డాక్టరు మొహంమీదే చెప్పాడు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఈమధ్య పొద్దస్తమానం మేడమీదే. ఏం చేస్తున్నారంటే గాలికి అంటాడు. గాలికెళ్ళిన మనిషి చొక్కా పొగ కంపు కొట్టడమేమిటి? దోమతెరలో అంత ముక్క మాయమవడమేమిటి? ఎలకలు కొట్టాయన్నాడు. ఎలకలు నలుచదరంగా కొడతాయా అని ఆవిడ పైకనలేదు. గుడ్డ కత్తిరించి బతికే మనిషికి కత్తెర గాటు తెలీదూ?

నిలదీస్తే ఒప్పుకునే రకం కాదాయన. అందుకని ఆవిడ గుట్టుగా పంచదారలో సగానికి సగం మెత్తటి ఉప్పు కలిపి, డబ్బా ఎక్కడిదక్కడే పెట్టింది. నోట్లో పోసుకుంటే ఉమ్మక తప్పదు కదా, అప్పుడు పట్టుకోవచ్చని.

ఆ మధ్యాహ్నం ఆయన గిన్నెలో ఏదో కలుపుకుని పిల్లిలా మెట్లెక్కాడు. వెనకే ఈవిడ. తలుపు సందులోంచి చూస్తే, నీళ్ళట్యాంకు పక్కన ఓ చెక్కపెట్టె. ఆయన నెత్తిన ఆవిడ దోమతెర ముక్క. చేతిలో గోనెగుడ్డ రాజేసిన పొగడబ్బా. పెట్టె మూత ఎత్తేసరికి జుమ్మంటూ తేనెటీగలు.

తలుపు తోసుకుని వచ్చిన పెళ్ళాన్ని చూసి ఆయన నీళ్ళు నమిలాడు. సరదాకి మొదలెట్టాననీ, కొత్త ఈగలు తేనె కూడబెట్టుకునేదాకా పంచదార నీళ్ళు పొయ్యాలనీ, ఓసారి ఈగ కుట్టి నీ చెంప వాచిపోయింది కనక చెప్పలేదనీ ఏకరువు పెట్టాడు. పంచదార ఈగల పాలా! ఆవిడ గుండెలమీంచి బండ దిగినట్టయింది. దిగిందో లేదో ఉప్పు గుర్తొచ్చింది. అయ్యో, ఆ నీళ్ళు పోస్తే ఈగలు చస్తాయేమో! ఆపండి అనబోయింది.

ఈలోపే ఆయన చెయ్యి దాని అలవాటున అది గిన్నెలో మునిగింది. ముసుగెత్తి, వేలు నాకి, తుపుక్కున ఉమ్మాడు.

"ఉప్పగా ఉందేమిటే ఇది?"

"ఎవరికండీ ఉప్పగా ఉంది? ఈగలకా, మీకా?"

చిక్కదనం చూడొద్దా అని ఆయన గొణిగాడు. చిక్కదనం వేలికి తెలుస్తుంది, నాలికెందుకని ఆవిడ. రోజూ చూస్తున్నారా అని నిలదీసింది. ఆయన కాలివేలు చెప్పులోకి ముడుచుకుంది.

మర్నాటినుంచి పాకం కలిపేదీ ఆవిడే, పోసేదీ ఆవిడే. మిగిలిన దోమతెరతో తనకీ ఓ ముసుగు కుట్టుకుంది, రెండు మడతలేసి. ఆయనకి పొగడబ్బా ఒక్కటే ఇచ్చింది. ముసుగు వెనక ఆయన పెదవులు కదిలితే చాలు, ఏమిటది అంటుంది.

"ఈగలతో మాట్లాడుతున్నానే."

"ఏదీ, నోరు తెరవండి."

ఇంకా తేనె రానే లేదు. అది వచ్చినప్పుడు ఎక్కడ దాచాలా అని ఆవిడ ఇప్పటినుంచే బీరువా తాళాలు వెతుకుతోంది.