మధ్యాహ్నం లోపు ప్రమాణం

ఆదివారం పూజ ముగిసి, చర్చి మెట్ల మీద నిలబడి ఉండగా ఫోను మోగింది. అవతల టెరెన్స్ రూసెల్. దిగిపోతున్న గవర్నరు దగ్గర మా దక్షిణపు ఊళ్ళ వ్యవహారాలు చూసే మనిషి. ఎన్నికలప్పుడు తప్ప ఆయన నాకు ఫోను చేసిన గుర్తు లేదు.

"ఓవీడ్ పెలిగ్రాన్ గారేనా? శుభాకాంక్షలండీ! మిమ్మల్ని కరకట్ట బోర్డులో వేశాం. గవర్నరుగారు ఇందాకే సంతకం పెట్టారు."

"నన్నా?"

"మిమ్మల్నే. అర్జీ పెట్టింది మీరే కదా?"

పెట్టిన మాట నిజమే. కొత్త కరకట్ట మా దిగువ రోడ్డుకు ఎగువ నుంచి పోతుందని, మా ఇళ్ళన్నీ దానికి బయట మిగిలిపోతాయని తెలిసినప్పుడు కోపంతో పెట్టాను. జవాబు రాలేదు. నేనూ దాన్ని మరచిపోయాను.

"ఒక్క సంగతి," అన్నాడు రూసెల్. "రేపు మధ్యాహ్నం కొత్త గవర్నరు ప్రమాణం చేస్తాడు. ఆలోపు మీరు చేసెయ్యాలి. చేస్తే కుర్చీ మీది. లేదంటే ఆ కాగితంలో పకోడీలు కట్టుకోవచ్చు. పొద్దుటి నుంచి ఇదే మాట ఎంతమందికి చెప్పానో, గొంతు పోయింది."

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడింత హడావిడి ఎందుకండీ?"

"ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ పక్కవాళ్ళకి పంచిపెట్టమూ? అలా అనుకోండి," అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ ఆ కుర్చీ కావాలి. కట్ట ఎటు పోవాలో ఈ నెలాఖరుకు బోర్డు తేల్చేస్తుంది. సభ్యులు అటు సగం, ఇటు సగంగా ఉన్నారు. ఒక్క ఓటు మారితే మా రోడ్డు కట్ట లోపలికి వస్తుంది. లేకపోతే తర్వాతి తుఫానుకు నా ఇల్లు, ఎదురుగా నా కూతురు కామిల్ ఇల్లు, పక్కనున్న రొయ్యల పడవలవాళ్ళ ఇళ్ళు సముద్రానికి వదిలేసినట్టే.

చిక్కల్లా ఆ కుర్చీ ఖాళీగా లేకపోవడం. అందులో క్లోవిస్ డూగా ఉన్నాడు. అతని గడువు ఎప్పుడో తీరింది. అయినా మా దగ్గర కొత్తవాడు ప్రమాణం చేసే క్షణం దాకా పాతవాడే సభ్యుడు. ఎగువ గీతకు, అంటే మా రోడ్డును బయట వదిలేసే దారికి, ఓటేస్తానని బాహాటంగా చెప్పినవాడు క్లోవిసే. కొత్త గవర్నరు ప్రచార పలకను తన ముంగిట్లో పాతుకున్నవాడు కూడా అతనే కాబట్టి, రేపు మధ్యాహ్నం దాటితే అతన్ని కదిపేవాడు లేడు. పైగా కామిల్‌కు జ్ఞానస్నానంలో తండ్రిగా నిలబడినవాడు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఒకరినొకరం పేరుతో పిలుచుకోం, వరస కలిపి 'కొంపేర్' అనే పిలుచుకుంటాం.

ఇంటికొచ్చి ఎల్డాకు చెప్పాను. నా భార్య గంబో పులుసులో గరిటె తిప్పుతూనే వింది.

"వెళ్ళు మరి. ఆలోచన దేనికి?"

"దొడ్డిదారిన వస్తోంది కదే."

"వీధి గుమ్మం ముందు ఇన్నాళ్ళు నిలబడ్డావు. ఎవరైనా తలుపు తీశారా?"

"దేవుడు ఇలాంటివాళ్ళ చేతుల మీదుగా ఇస్తాడంటావా?"

"బైబిల్లో గాడిద చేత బిలాముకు బుద్ధి చెప్పించినవాడు రూసెల్ చేత ఫోను చేయించలేడా?" అంది ఎల్డా. "ఉప్పు సరిపోయిందేమో చూడు."

సోమవారం తెల్లవారేసరికి కిటికీ అవతల ఏమీ లేదు. బయూ కాలువ మీద నుంచి లేచిన పొగమంచు పడవలను, రోడ్డును, ఎదురింటిని మింగేసింది. జిల్లా కోర్టుకు వెళ్ళి ప్రమాణం చేద్దామని కోటు వేసుకుంటుంటే రేడియోలో చెప్పారు. బళ్ళు గుద్దుకున్నాయట, రోడ్డు మూసేశారట. మా ఊరికి ఉన్నది ఆ ఒక్క రోడ్డే. రూసెల్‌కు ఫోను చేశాను.

"అయ్యబాబోయ్! మీవైపు నోటరీ ఎవరూ లేరా? నోటరీ ఎదుట చేసినా చెల్లుతుంది. ముద్ర వేయించి ఫోటో పంపండి చాలు."

"ఒకరున్నారు."

"మరింకేం!"

"క్లోవిస్ డూగా."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఏ డూగా... ఓరి నాయనో," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, "చట్టంలో ఎక్కడా కూడదని లేదు. వెళ్ళండి," అన్నాడు. రాజధానిలో కూర్చుని పేర్లు రాసేవాళ్ళకు, మా ఊళ్ళో ముద్ర ఉన్న చెయ్యీ, కుర్చీలో ఉన్న మనిషీ ఒకరేనని ఎలా తెలుస్తుంది?

జపమాల చెప్పుకుంటూ క్లోవిస్ ఇంటికి నడిచాను. ఏ పూస దగ్గర ఉన్నానో తెలియక మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టాను. ఏమని అడగను? 'నీ గొయ్యి నువ్వే తవ్వి పెట్టు' అని ఏ మొహంతో అడుగుతాను? వెనక్కి తిరుగుదామని ఒకచోట ఆగాను కూడా. అటు చూసినా మంచే.

క్లోవిస్ వంటింట్లో వేటాడి తెచ్చిన బాతులను శుభ్రం చేస్తున్నాడు. టీవీలో కొత్త గవర్నరు ఊరేగింపు మొదలైంది.

"రా కొంపేర్! దేవుడే పంపాడు నిన్ను. ఆ లావు బాతు అందుకో."

కూర్చుని ఈకలు పీకడం మొదలుపెట్టాను. కాఫీ పోశాడు. బాతులు ఈ ఏడు ఆలస్యంగా దిగాయన్నాడు. అవునన్నాను. ఫాదర్ నిన్నటి ప్రసంగం సాగదీశాడన్నాడు. అవునన్నాను.

"ఆ బాతుకి తోలు కూడా మిగల్చవా ఏమిటి? ఏదో మింగలేక కక్కలేక ఉన్నావు. కానియ్."

చేతులు తుడుచుకుని, రూసెల్ ఫోనులో పంపిస్తే అచ్చు తీసుకొచ్చిన నియామకపు కాగితం బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు వెతుక్కుని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇది నా కుర్చీ."

"అవును."

"మధ్యాహ్నం లోపు."

"అవును. రోడ్డు మూసేశారు కొంపేర్. లేకపోతే నీ దగ్గరికి..."

"లేకపోతే నాకు పేపర్లో చూస్తే తెలిసేది. అది బాగుండేదా?"

క్లోవిస్ ఒళ్ళోని ఈకలు దులుపుకున్నాడు.

"నీ రోడ్డుని బయట వదలడం నాకేమైనా సరదానా? నా బిడ్డ లాంటి కామిల్ ఉంది అక్కడ. కింద నేల మెత్తనిదిరా. దాని మీద కట్ట పోస్తే కుంగుతుంది. కుంగితే మీతోపాటు బడీ, చర్చీ కూడా మునుగుతాయి. ఇంజనీర్లే అన్నారు."

"అంతకుముందు నిలుస్తుందన్నదీ ఆ ఇంజనీర్లే."

"అదీ నిజమే," అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఇక రాడేమో అనుకున్నాను. టీవీలో బ్యాండు మోగుతోంది, జనం మెట్ల కింద చేరుతున్నారు. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు, చేతిలో ముద్ర ఉంది.

"ఈకల చొక్కాతో ప్రమాణం చేయించను. లే, చెయ్యి ఎత్తు."

ఎత్తాను. అతను చెప్పాడు, నేను పలికాను. రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానన్నాను. నా విధులను నమ్మకంగా నెరవేరుస్తానన్నాను.

"పక్షపాతం లేకుండా," అన్నాడు క్లోవిస్.

నేను అతని చేతిలోని ముద్ర వైపు చూశాను.

"పక్షపాతం లేకుండా. వినపడలేదా?"

"వినపడింది. చివర దేవుని పేరు ఉంది కదా ఇందులో?"

"ఉంది. 'దేవుడు నాకు తోడుగా ఉండుగాక.'"

"నేను మా రోడ్డు కోసమే వచ్చాను కొంపేర్."

"అది నాకు తెలీదా?"

"మరి ఆ మాట ఎలా అనను?"

"నేను అన్నానుగా."

"అన్నప్పుడు మనసులో ఏముంది?"

క్లోవిస్ ఆలోచించాడు. "మా కొట్టు పక్క వాననీళ్ళు తోడే పంపు పాతదైంది, మార్పించుకోవాలని ఉంది. మార్పించాను. దానివల్ల ఊరికీ మేలే జరిగింది... అనే అనుకుంటాను. ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను నేను అడుగుతుంటాను." టీవీలో కొత్త గవర్నరు మెట్లెక్కుతున్నాడు. "చూడు, నేను నోరు మూసుకుని నిలబడితే చాలు, కుర్చీ నాదే. తొందరగా తేల్చుకో. నన్ను శోధనలో పడెయ్యకు."

ఎత్తిన చెయ్యి బరువెక్కింది. కామిల్ ఇంట్లో కొత్తగా రంగు వేసిన ఉయ్యాల గుర్తొచ్చింది. బళ్ళో పిల్లలూ గుర్తొచ్చారు, వాళ్ళలో ఎక్కువమంది పేర్లు నాకు తెలియవు. నేల నిజంగా మెత్తనిదని తేలితే నా ఇంటికే వ్యతిరేకంగా చెయ్యి ఎత్తగలనా? ఎత్తలేనంటే ఈ చెయ్యి ఇప్పుడే దించాలి. దించితే కనీసం అడిగి తెలుసుకునే చోటు కూడా మాకు ఉండదు.

"పక్షపాతం లేకుండా," అన్నాను. అబద్ధం కాకుండా అన్నాను.

మిగతాది పలికాను. క్లోవిస్ సంతకం పెట్టి ముద్ర గట్టిగా నొక్కాడు. కాసేపటికి టీవీలో కొత్త గవర్నరు చెయ్యి ఎత్తాడు. ఇద్దరం నిలబడే చూశాం.

"నేనెంత కష్టపడి ఆయనకి ఓట్లు వేయించాను," అన్నాడు క్లోవిస్. నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. "కూర్చోండి సభ్యుడుగారూ, ఆ బాతు సగంలో ఉంది. నెలాఖరున నేనూ వస్తా, జనం కుర్చీల్లో కూర్చుని నీ మీద కేకలేస్తా."

ఫోటో పంపిన వెంటనే రూసెల్ ఫోను చేశాడు. "భేష్! ఇక దిగువ గీత ఖాయం. పొడుగు కట్ట, బోలెడు మట్టి. ఆ మట్టి తోలేది మనవాడే లెండి. మీకూ మేలు, మాకూ మేలు."

అంత పాత అర్జీ వాళ్ళకు ఉన్నట్టుండి ఎందుకు గుర్తొచ్చిందో అప్పుడు అర్థమైంది. "నేను ఇంకా ఏదీ ఖాయం చేయలేదండీ," అన్నాను. ఆయన అది వేళాకోళం అనుకుని నవ్వాడు.

ఇంటి దగ్గర ఎల్డా వరండాలోనే నిలబడి ఉంది.

"అయిందా?"

"అయింది."

"మేరీమాతా! మన ఇల్లు లోపలికి వచ్చినట్టే."

"అది ఇంకా తెలియదు."

"తెలియకపోవడం ఏమిటి? మరి దేనికి వెళ్ళావు?"

మన కింద నేల మెత్తనిదని, కట్ట కుంగుతుందని క్లోవిస్ అన్న మాట చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళింది. నేను బూట్లు విప్పలేదు. కొట్టంలోంచి గడ్డపార తీసుకుని, కట్ట పోయాలని ఇన్నాళ్ళూ నేను వాదించిన చోటికి, మా పెరడు చివరికి వెళ్ళి, నేలలోకి దించాను.

అనుకున్నదానికంటే తేలిగ్గా దిగింది. నాలుగడుగులు జరిగి మళ్ళీ దించాను.