మేనేజర్‌గారి కోసం పీతలు

ఎవరికి ఏ కానుక, ఏ వేళకు, ఏ మాటతో చేర్చాలో షాంఘై మొత్తం మీద తనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదని చ్యూ దలిన్ నమ్మకం. ట్రాలీబస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డిపో పెద్దలకు శరత్ పున్నమికి చంద్రబిళ్లలనే మిఠాయిలు, చలికాలానికి బియ్యపు పచ్చసారా క్రమం తప్పకుండా అందించాడు. ఆ పాండిత్యమంతా ఒలకబోసినా తనకు ఒక్క ప్రమోషనూ రాలేదన్న సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఈ కథ చెప్పేటప్పుడు ఆ ముక్క తనే ముందు చెప్పి, తనే ముందు నవ్వుతాడు.

ఆయన కూతురు షీవెన్ నదికి అవతల లూజ్యాజుయ్‌లో ఆకాశాన్ని గోకే మేడల్లో ఒకదాంట్లో బీమా కంపెనీ ఉద్యోగం చేస్తోంది. ఆ శరదృతువులో ఆ పిల్ల రోజూ పొద్దుపోయి ఇల్లు చేరడం మొదలుపెట్టింది. అన్నం ముందు కూర్చుని ఫోను చూసుకుంటుంది. ఏమైందే అంటే "ఏం లేదు నాన్నా" అంటుంది. ఫోనులో మాత్రం "మేనేజర్ ఫే", "మేనేజర్ ఫే" అని వినబడుతూ ఉంటుంది. దలిన్ రెండూ రెండూ కలిపి అయిదు చేశాడు. కూతురికి రావలసిన ప్రమోషను ఆ ఫే అనేవాడు తొక్కిపట్టాడని తేల్చేశాడు.

"పైవాడి చెయ్యి తడవందే కిందవాడి పైరు పచ్చబడదు," అన్నాడు భార్య మాన్లీతో. "పదో నెల వచ్చింది. మగపీతలు కొవ్వు పట్టి ఉంటాయి. నేనే వెళ్లి ఇచ్చొస్తాను."

మాన్లీ ముల్లంగి తరుగుతున్నదల్లా కత్తి ఆపింది. "నీకేమన్నా మతి పోయిందా? ఈ రోజుల్లో ఆఫీసుల్లో అలాంటివి పుచ్చుకోరయ్యా. పరువు పోతుంది."

"ఎవరి పరువు?"

"నీదాని గురించి నాకేం బెంగ లేదు. దాన్ని ఎప్పుడో బస్సులో మర్చిపోయి దిగావు. పిల్లదాని పరువు."

ఇంకేదో అనబోయి ఆగిపోయి మళ్లీ ముల్లంగి మీద పడింది. ఆ ఆగిపోవడం దలిన్ చూశాడు. తన వాదనకు ఎదురు చెప్పలేక నోరు కట్టుబడిందనుకుని మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బజారుకు వెళ్లి, బతికున్న పీతల్లో బలిసినవి ఏరి తెచ్చాడు. కొట్టువాడు వాటిని నూలుతాడుతో బిగించి కట్టిచ్చాడు. అది దలిన్‌కు నచ్చలేదు. నూలుతాడు కట్టిన పీత కూలికి వచ్చినవాడిలా ఉంటుంది, గడ్డితాడు కట్టిన పీత పెళ్లికొడుకులా ఉంటుంది అని ఆయన సిద్ధాంతం. చిన్నప్పుడు వాళ్ల నాన్న కట్టేవాడు. చూసినవాడికి చెయ్యడం రాదా? వంటింటి తొట్టి దగ్గర కూర్చుని ఒక్కొక్కదాని తాడూ విప్పి, గడ్డితాడుతో తిరిగి కట్టాడు. బొటనవేలు రెండు చోట్ల తెగింది. అయినా వెదురుబుట్టలో ఎర్రకాగితం పరిచి వాటిని పేర్చాక, చూడ్డానికి పెళ్లివారి విడిదిలా ఉందని సంతోషించాడు.

మంచి కోటు వేసుకుని, మాన్లీ మేడ మీద బట్టలు ఆరేస్తున్న సమయం చూసి ఇంట్లోంచి జారుకున్నాడు. ఫెర్రీ ఎక్కి హ్వాంగ్‌పూ నది దాటాడు.

లూజ్యాజుయ్ వైపు ఆయన వచ్చి చాలా ఏళ్లయింది. కానీ ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేదు. ఫెర్రీలో పక్కనున్న పెద్దాయన దారి అడిగితే తడుముకోకుండా చెప్పాడు కూడా. పాపం ఆ మనిషి ఎక్కడ తేలాడో తెలియదు. తన సంగతే తనకు తెలియలేదు. కూడలి మీద గుండ్రంగా కట్టిన కాలివంతెన ఒకటుంది. దాని మీదకు ఎక్కి, కూతురి ఆఫీసున్న మేడ ఎటో కనిపెట్టి, అటే నడవసాగాడు. ముత్యాల బుడగల టవర్ ఎడమచేతి వైపు వచ్చింది. సీసామూత తీసే పనిముట్టులాంటి మేడ వచ్చింది. మెలితిరిగిన పొడుగాటిది వచ్చింది. మళ్లీ ముత్యాల బుడగలే వచ్చాయి. ఇంకో రకం బుడగల టవర్ కాబోలు, ఈమధ్య కట్టారేమో అనుకున్నాడు. మూడోసారి అదే వచ్చేసరికి, ఫోటో దిగుతున్న కొత్త పెళ్లిజంట ఆయన్ని గుర్తుపట్టి చెయ్యి ఊపింది.

జీవితమంతా జనానికి స్టాపుల పేర్లు అరిచి చెప్పిన మనిషి, చివరి స్టాపు లేని బస్సులాగా ఒకే చోట చుట్టూ తిరుగుతున్నాడు. "సిగ్గు లేదురా దలిన్" అని తనను తాను తిట్టుకుని, ఊడుస్తున్న ఆవిడని అడిగాడు.

"మీరు రెండుసార్లు దాటేశారుగా, ఆ మెట్లే," అంది ఆవిడ.

"తెలుసమ్మా. వ్యాయామం కోసం తిరుగుతున్నా," అన్నాడు దలిన్.

మేడ లోపల నేల అద్దంలా ఉంది. తన కోటు, బుట్ట, ముక్కు పుటాలు కూడా అందులో తలకిందులుగా కనబడుతున్నాయి. లిఫ్టుల ముందు గాజు గేట్లు. ఉద్యోగులు కార్డు చూపిస్తే అవి తెరుచుకుంటాయి. చూపించనివాళ్ల కోసం గువో అనే కాపలావాడు నిలబడి ఉన్నాడు. మాటలో ఆన్‌హ్వే రాష్ట్రపు యాస.

"ఎవరి కోసం అన్నగారూ?"

"మేనేజర్ ఫే."

"ఫోను చేశారా?"

"పాత పరిచయం," అన్నాడు దలిన్ గంభీరంగా.

"అయితే ఫోను చెయ్యండి."

నంబరు లేదు. కూతురికి చేస్తే గుట్టు రట్టవుతుంది. భోజనానికి దిగకపోతాడా అని సోఫాలో కూర్చుని, బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని, లిఫ్టులోంచి వచ్చే ప్రతి మొహాన్నీ పరీక్షించసాగాడు. మేనేజరన్నవాడికి పొట్ట ఉండాలి, బంగారు ఫ్రేము కళ్లద్దాలుండాలి, నడకలో తొందర ఉండకూడదు. సరిగ్గా అలాంటివాడే ఒకడు బయటికి వచ్చాడు. దలిన్ లేచి ఎదురెళ్లాడు. ఫెర్రీలో వల్లె వేసుకున్న ఉపన్యాసం బస్సు గొంతుతో అందుకున్నాడు.

"మేనేజర్‌గారూ! తమరు పర్వతం, మా పిల్ల మీ నీడలో గడ్డిపోచ. ఏదో ఇంటి దగ్గరి నాలుగు పీతలు..."

ఆ పెద్దమనిషి ముందు బెదిరి, తర్వాత దీనంగా చూశాడు. "నేను మేనేజర్‌ని కాదండీ. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకొచ్చాను. వాళ్లు తీసుకునేలా లేరు. మీకెవరైనా తెలుసా?"

దలిన్ జవాబు చెప్పేలోపే వెనక ఎవరో కెవ్వున అరిచారు.

బుట్ట పక్కకు ఒరిగి ఉంది. గడ్డితాళ్లు ఎర్రకాగితం మీదే ఉన్నాయి. పెళ్లికొడుకులు ఊరేగింపుకు బయల్దేరారు. ఒకటి అద్దం నేల మీద జారుతూ లిఫ్టుల వైపు పోతోంది. ఒకటి గాజు గేటు కిందికి దూరేసరికి ఆ గేటు కుయ్యోమని మోత మొదలుపెట్టింది. ఇంకొకటి గువో ప్యాంటు అంచు పట్టుకుని వేలాడుతోంది. గువో ఒంటికాలి మీద గెంతుతూ, "అన్నగారూ! ఇదేనా పాత పరిచయం?" అంటున్నాడు. తన నాన్న ముడి వేసేటప్పుడు చివర్న ఏదో ఒక తిప్పు తిప్పేవాడని, ఆ తిప్పు తాను సరిగ్గా చూడలేదని దలిన్‌కు అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

మంచి కోటుతోనే మోకాళ్ల మీద పడ్డాడు. చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారే కానీ ఒక్కరూ ముందుకు రావడం లేదు. చివరికి బూట్లూ పిలకజడా వేసుకున్న ఒక అమ్మాయి, కాఫీ కప్పు కింద పెట్టి, తనూ నేల మీద కూర్చుంది.

"వెనకనుంచి పట్టుకోవాలా బాబాయ్?"

"ఆ, వీపు మీద నొక్కి పట్టు. భయపడకు. అదిగో, ఆ సోఫా కింద! పాకు, పాకు! మీ ఆఫీసులో కొత్తగా చేరావా?"

"ఒక రకంగా కొత్తే," అంది అమ్మాయి సోఫా కిందనుంచి. "ఎవరికి తెచ్చారు ఇవి?"

"ఫే అని ఒక మేనేజరున్నాడు. నీకు తెలిసే ఉంటుంది. మా అమ్మాయి ప్రమోషను కడుపులో పెట్టుకుని కూర్చున్నాడు. అలాంటివాళ్లు వంగరమ్మా, వంచాలి. ముందు పీత, తర్వాత మాట. ఈ విద్య మీ వయసువాళ్లకు రాదు."

"నిజమే, రాదు," అంది అమ్మాయి. రెండు చేతుల్లో రెండు పీతల్ని ఎత్తిపట్టుకుని బయటికి పాక్కుంటూ వచ్చింది. ముక్కు మీద దుమ్ము. "మరి ఆ మేనేజరుకి పీతలు పడకపోతే?"

"పీత పడని షాంఘైవాడు ఎక్కడుంటాడు!"

"హునాన్‌వాళ్లయితే?"

అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. షీవెన్ బయటికి వచ్చింది. ఎవరో పంపిన వీడియోలో కోటు గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది. నేల మీద నాలుగు కాళ్ల మీదున్న తండ్రిని చూసింది. పక్కన పీతలు పట్టుకున్న అమ్మాయిని చూసింది.

"మేనేజర్ ఫే!" అంది. "క్షమించండి, ఈయన మా... ఈయన మా నాన్న."

దలిన్ లేవబోయాడు. మోకాలు పట్టేసింది. అలాగే ఉండిపోయాడు. పీత కష్టాలు పీతవి అంటారు కానీ, ఆ క్షణంలో ఆ మేడ మొత్తంలో ఉన్న ప్రాణులన్నిట్లోనూ తనదే ఎక్కువ కష్టమని ఆయనకు అనిపించింది.

మేనేజర్ ఫే నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "నాకు పీత పడదు బాబాయ్. తింటే మొహం ఆవిరి బన్నులా వాచిపోతుంది. పడినా కంపెనీ పుచ్చుకోనివ్వదు. అయినా షీవెన్ ప్రమోషను నా కడుపులో లేదు. పోయిన నెలే ఇచ్చేశాం. కొత్త పని మీదే కదా రోజూ ఆలస్యమవుతోంది. మీకు చెప్పలేదా?"

దలిన్ కూతురి వైపు చూశాడు.

"అమ్మకి చెప్పాను," అంది షీవెన్ నేల చూస్తూ.

"నాకెందుకు చెప్పలేదే?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా నాన్నా! ఈ ఉద్యోగం వచ్చినప్పుడు ఏం చేశావు? పీపుల్స్ పార్కు పెళ్లిసంబంధాల సంతలో గొడుగు మీద నా వయసూ జీతమూ రాసి అంటించి, పక్కన కూర్చుని కేకలేశావు. పెళ్లికొడుకుల అమ్మలు నెలరోజులు ఇంటిచుట్టూ తిరిగారు. ఒకావిడైతే నా పళ్లు కూడా చూపించమంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గువో కూడా నవ్వాడు. దలిన్‌కు కోపం రావలసింది. వెతుక్కుంటే దొరకలేదు. కూతురు చెప్పిందంతా నిజమే. పైగా గొడుగు మీద జీతం కాస్త పెంచి రాశానన్న విషయం ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఫే పట్టుబట్టి ఆయన్ని పైకి టీకి పంపింది. లిఫ్టు ఎంత జోరుగా ఎక్కిందంటే చెవులు దిబ్బడేశాయి. కూతురు చెప్పేది ఏదీ వినబడక, ప్రతిదానికీ తల ఊపాడు. పైన ఆమె బల్ల కిటికీ పక్కనే ఉంది. బయట తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు.

"ఎండ ఉంటే మన ఇల్లు కనబడుతుంది నాన్నా."

"అదిగో కదా, కనబడుతోంది," అన్నాడు దలిన్ మబ్బులోకి వేలు చూపించి.

"అటు సముద్రం."

వేలు తెగి ఉండటం అప్పుడు చూసింది షీవెన్. సొరుగులోంచి ప్లాస్టరు తీసి అంటించింది. అంటిస్తూ, "నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను. ప్రమోషను సంగతి ఎవరికీ చెప్పకు," అంది. ఆయన చచ్చినా చెప్పనన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

కిందికి దిగాక, ప్యాంటు చిరిగినందుకు గువోకి రెండు పీతలిచ్చాడు. గువో పుచ్చుకున్నాడు. తన విద్య ఒక్కచోటైనా ఫలించిందని దలిన్‌కు కొంచెం ఊరట కలిగింది. మిగిలినవాటిని గువోయే నూలుతాడుతో బిగించి కట్టిచ్చాడు.

తిరుగు ఫెర్రీలో, వాళ్ల సందులోనే ఉండే తాంగ్ వదిన ఎదురైంది. ఆవిడ కళ్లు ముందు బుట్ట మీద, తర్వాత మోకాళ్ల దగ్గర నలిగిన కోటు మీద పడ్డాయి.

"ఏంటన్నయ్యా ఈ అవతారం? ఎక్కడ దొర్లొచ్చావు?"

"అదో కథలే వదినా."

"చెప్పు మరి."

దలిన్ రెయిలింగు పట్టుకుని నీళ్లవైపు తిరిగాడు. చెప్పకూడదు. ఒక బొగ్గు పడవ దాటిపోయేదాకా ఓర్చుకున్నాడు. ప్రమోషను సంగతి మింగేసి పీతల సంగతి ఒక్కటే చెబితే తప్పేముంది అనిపించింది. తన పరువు తను తీసుకుంటే ఎవరికి నష్టం? వంతెన దగ్గర మొదలుపెట్టాడు. ఇంటర్వ్యూ పెద్దమనిషి దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగింది. సోఫా కింద అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి డెక్కు మీద జనమంతా చుట్టూ మూగారు, సైకిలు పట్టుకున్నాయన గంట కొట్టి "తర్వాత, తర్వాత?" అన్నాడు. అక్కడ కథ ఆపితే దానికి తలా తోకా ఉండదు. ప్రమోషను చెప్పకపోతే తను ఎంత పెద్ద వెధవో వాళ్లకు పూర్తిగా అర్థం కాదు. అర్థం కాకుండా వదిలేయడం కథకు అన్యాయం.

ఇంటికి వచ్చేసరికి మాన్లీ గుమ్మంలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. తాంగ్ వదిన ఆయన కంటే ముందే ఫెర్రీ దిగింది.

"చెప్పేశావా?" అంది.

దలిన్ బుట్ట కింద పెట్టి, తల వంచుకుని, "సగం నది దాకా చెప్పలేదు," అన్నాడు.