తర్జుమా చెయ్యని మాట

"ఆ డబ్బా ఏంటి?" అన్నాడు ఆనందపాల్.

హెప్సీబా సూట్‌కేసులో కూతురి గౌన్లు సర్దుతోంది. మంచం మీద దిండుకు ఆనించిన ఫోన్లోంచి భర్త చూస్తున్నాడు. విదేశంలో ఆమె ఉండే ఎడ్మండ్‌సన్ పార్క్‌లో సాయంత్రం కావస్తోంది, మలావీలో అతనున్న పల్లెలో ఇంకా పొద్దున్నే. అతని వెనక రేకుల గుడి, దాని పక్కన వానకి ఎర్రటి బురదైపోయిన దారి కనిపిస్తున్నాయి.

"మలేరియా మాత్రలండీ. నాకూ, కెజియాకీ. ఫ్లైట్ ఎక్కకముందే స్టార్ట్ చెయ్యాలని డాక్టర్ చెప్పారు."

"తీసెయ్. తేవద్దు."

ఆమె నవ్వబోయింది. అతను నవ్వడం లేదు.

"ఇక్కడ జనానికి నేనేం చెప్తున్నాను హెప్సీ? దేవుడే స్వస్థపరుస్తాడని. నా భార్యే మాత్రలు మింగితే రేపు నా మాట ఎవడు నమ్ముతాడు? కెజియాని గుడి ముందు నిలబెడతాను. చూడండి, నా ఒక్కగానొక్క బిడ్డ, ఏ మందూ లేకుండా మీ మధ్య తిరుగుతోంది అంటాను. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"మామ్, ఈజ్ దట్ డాడ్?" అని పక్కగదిలోంచి ఎనిమిదేళ్ళ కెజియా కేకేసింది. 'నిలబెడతాను' అన్న మాట దగ్గరే హెప్సీబా ఆగిపోయింది. ఈలోగా లైన్ కట్టయింది.

అతనికి దేవుని పిలుపు వచ్చిందన్న సంగతి కూడా ఆమెకి అందరితోపాటే తెలిసింది. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం, తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు అద్దెకి తీసుకున్న స్కూలు హాల్లో, అతను మైకు పట్టుకుని ఉద్యోగం మానేసి ఆఫ్రికా వెళ్తున్నానన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె వెనక బల్ల దగ్గర బిర్యానీ వడ్డిస్తూ, గరిటె పట్టుకునే విన్నది. ఇంటికొచ్చాక అడిగితే, "నీకు ముందే చెప్తే వంద ప్రశ్నలు వేస్తావు" అన్నాడు. ఆ రోజు నుంచి ఇల్లు, పిల్ల, బ్యాంకు లోను, అతని పరిచర్య అన్నీ ఆమె మీదే నడుస్తున్నాయి. వృద్ధుల హోమ్‌లో నర్సుగా ఎవరి తండ్రులనో లేపి, కడిగి, పడుకోబెట్టి, డబుల్ షిఫ్టు ముగించుకుని వస్తే, గుంటూరు నుంచి అత్తగారు, "నా కొడుకు అడవుల్లో దేవుని పని చేస్తుంటే నీకు ఏసీలో నిద్రెలా పడుతుందమ్మాయ్?" అనేది. ప్రతి ఆదివారం సంఘ పెద్ద సుందరరావు అంకుల్ 'సిస్టర్ హెప్సీబా త్యాగం' అని ఆమెని నిలబెట్టి చప్పట్లు కొట్టించేవాడు. ఆ త్యాగం ఎవరు చేశారో, ఆమె చేత ఎవరు చేయించారో ఎవరూ అడగలేదు.

అలాగని ఆనందపాల్ పడిన కష్టం అబద్ధం కాదు. మొదటి ఏడాది రెండుసార్లు జ్వరంతో చావు దాకా వెళ్ళాడు. ఏరు దాటి పూట ప్రయాణం చేస్తే గాని ఆస్పత్రి లేదు. వానల్లో ఏటి మీద వంతెన ఉండదు. అప్పుడు అతన్ని బతికించినవి ఆ ఆస్పత్రి మాత్రలే. ఊళ్ళో పసిపిల్లల్ని పూడ్చి వచ్చిన రోజుల్లో ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చేవాడు. ఆ ఏడుపు ఎప్పుడు ఆగిపోయింది? ఎవరో కుర్రాడు అతని ప్రార్థనతో లేచి కూర్చున్నాడనీ, చుట్టుపక్కల ఊళ్ళ జనం నడిచి వస్తున్నారనీ చెప్పిన తర్వాత, అతను ఏడవడం ఆమె వినలేదు. అప్పట్లో అది దేవుడిచ్చిన ధైర్యమనుకుంది.

మర్నాడు సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, నేను ఎస్నాత్‌ని."

పేరు వినగానే గుర్తొచ్చింది. వీడియోల్లో భర్త పక్కన నిలబడి, అతని ఇంగ్లీషు ప్రసంగాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పే బడిపంతులమ్మ. తలకి ఎప్పుడూ నీలం గుడ్డ కట్టుకుంటుంది. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడుతోంది.

"పాపని తెస్తున్నారంట కదా. తేవద్దు మేడమ్."

"ఏమైంది?"

"రెండేళ్ళుగా పాస్టర్‌గారు మందులు పారెయ్యండి అంటున్నారు. నేను ఆ మాట తర్జుమా చెయ్యలేదు. మాత్ర మింగండి, మింగి ప్రార్థన చేసుకోండి అని చెప్పేదాన్ని. మా తల్లులు అలాగే చేశారు. పిల్లలు బతికారు. ఆయన అంతా తన ప్రార్థనే అనుకున్నారు."

హెప్సీబా పొయ్యి ఆర్పేసి ఫోను చెవికి ఆనించుకుంది. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఆయనకి మా భాష వచ్చేసింది మేడమ్."

రేకుల మీద వాన చప్పుడుకి ఎస్నాత్ గొంతు పెంచింది.

"వానలు మొదలైనప్పటి నుంచి ఆయనే చెప్తున్నారు. నన్ను వెనక కూర్చోబెట్టారు. పోయిన వారం ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పూడ్చాం. తల్లికి విశ్వాసం చాలలేదన్నారు. నేనూ విశ్వాసినే. కానీ మీ పాపకి జ్వరమొస్తే నేనేం చెయ్యలేను."

హెప్సీబా ఆ జిల్లా ఆస్పత్రి నంబరు వెతికి పట్టుకుని మాట్లాడింది. ఏరు తగ్గాక మనిషిని పంపుతామన్నారు. సుందరరావు అంకుల్ ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది.

"ఫీల్డులో స్ట్రెస్ ఉంటుందమ్మా. లోకల్ వాళ్ళు ఏదో ఒకటి అంటారు. భర్త మీద బయటివాళ్ళ మాట వింటారా?" అన్నాడాయన టీ కప్పు అందిస్తూ. "నువ్వెళ్తే అన్నీ అవే సర్దుకుంటాయి. సండే లైవ్‌లో అక్కడి సంఘానికి నాలుగు మంచి మాటలు చెప్పు, చాలు."

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. తెర మీద రేకుల గుడి, దాని ముందు కిక్కిరిసిన ఆడవాళ్ళు, వాళ్ళ వీపులకి కట్టిన పిల్లలు. చాలామంది పిల్లల తలలు వాలిపోయి ఉన్నాయి. నిద్రపోతున్నారో, జ్వరంతో సోలిపోయారో హెప్సీబా నర్సు కళ్ళు తేల్చుకోలేకపోయాయి.

"ఇప్పుడు నా భార్య మాట్లాడుతుంది. తెలుగులోనే చెప్పు హెప్సీ, వీళ్ళ భాషలో నేను చెప్తాను" అన్నాడు ఆనందపాల్ నవ్వుతూ.

ఆమె మైకు దగ్గరికి వెళ్ళింది. తెరలో వెనక వరసలన్నీ వెతికింది. గుంజ పక్కన నీలం తలగుడ్డ కనిపించింది.

"ఎస్నాత్ చెప్తుంది" అంది ఇంగ్లీషులో. "నేను నర్సుని. మాత్రలు లేకుండా నా కూతుర్ని ఆ ఊరు తీసుకురాను. మీరూ మీ పిల్లలకి మాత్రలు వెయ్యండి. జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పాస్టర్‌గారు కూడా మొదటి ఏడాది ఆ మాత్రల వల్లే బతికారు. మీ పిల్లలు చనిపోవడం మీ తప్పు కాదు."

హాల్లో ఎవరో దగ్గారు. తెర మీద ఆనందపాల్ నవ్వు అలాగే బిగుసుకుపోయింది. గుంజ దగ్గర ఎస్నాత్ లేచింది. తర్వాత ఆమె నోరు తెరిచింది. మొదట సన్నగా, ఆపైన గుడి బయటికి వినబడేంత గట్టిగా మాట్లాడింది. ఆడవాళ్ళ తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. ముందు వరసలో ఒకావిడ వీపు మీది బిడ్డని ముందుకి తీసుకుని లేచి నిలబడింది. ఆనందపాల్ చెయ్యి ఫోను మీదికి వచ్చింది. తెర నల్లబడిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "మైకు ఆపండి" అన్నాడు సుందరరావు అంకుల్. హెప్సీబా కెజియా చెయ్యి పట్టుకుని నడిచి కారు దాకా వెళ్ళింది.

ఆ తర్వాత ఆనందపాల్ విడవకుండా ఫోను చేశాడు. ఎస్నాత్ నుంచి మాత్రం రాలేదు. ఆమె నంబరు మోగడం కూడా లేదు. ఆస్పత్రి వాళ్ళు ఏరు పొంగిందనీ, ఆ వైపు నుంచి ఏ కబురూ లేదనీ అన్నారు.

హెప్సీబా కెజియాని నగరానికి అవతలి వైపు ద పాండ్స్‌లో ఉండే చెల్లెలు స్పందన ఇంటికి తీసుకెళ్ళింది. స్పందన అక్క మొహం చూసి ముందు అన్నం పెట్టింది. తిన్నాక అడిగింది.

"టికెట్లు క్యాన్సిల్ చేశావా అక్కా?"

"కెజియాది చేశాను. పిల్లని నీ దగ్గరే ఉంచుకో."

"అంటే నువ్వెళ్తున్నావా?" స్పందన లేచి నిలబడింది. "ఇంత జరిగాక కూడా బావ దగ్గరికా?"

"కాదు" అంది హెప్సీబా. "ఎస్నాత్ దగ్గరికి."